పొగాకు ప్రశ్నలు: పది డాలర్ల సిగార్‌కి పదహారణాల లెక్క

ఈ నెల ఉత్తరాల్లో సగం సిగార్ల మీదే వచ్చాయి. సంక్రాంతికి అమెరికా నుంచీ దుబాయ్ నుంచీ పిల్లలు దిగారు కదా, సూట్‌కేసుల్లో పెట్టెలు కూడా దిగినట్టున్నాయి. ముందే చెబుతున్నా, బ్రాండు పేర్లు రాయమని ఎవరూ అడక్కండి. పొగాకు సరుక్కి ప్రచారం చెయ్యకూడదని 2003 నాటి చట్టం ఒకటుంది. అది లేకపోయినా నేను రాయను, ఎందుకంటే పేరు చెవిన పడ్డాక నాలుక సొంతంగా పనిచెయ్యదు. ముప్ఫై ఏళ్ళు ఆకు గ్రేడింగ్ చేసినవాణ్ణి, ఏ రైతు ఆకో ముందే తెలిస్తే చెయ్యి కూడా అబద్ధం చెబుతుంది.

ప్రశ్న: అయ్యా, మా అల్లుడుగారు పండక్కి వస్తూ ఇరవై సిగార్ల పెట్టె తెచ్చారు. నికరాగ్వాలో చుట్టినవట, ఒక్కోటి పది డాలర్లట. మా తాతగారు లంక చుట్ట తప్ప ముట్టేవారు కాదు, నేనూ అప్పుడప్పుడూ చుట్ట కాల్చినవాణ్ణే. పెట్టెలో వచ్చిన కాగితంలో తోలు, దేవదారు, కోకో, ఎస్ప్రెస్సో అని రాసుంది. రెండు కాల్చాను, నాకు పొగ తప్ప ఏమీ తగల్లేదు. పైగా రెండోది సగంలో ఉండగా కళ్ళు తిరిగాయి. లోపం నాలో ఉందా, సిగార్‌లో ఉందా? “ఎలా ఉంది మావయ్యగారూ” అని ఫోన్లో అడుగుతున్నారు. మీకూ రెండు పంపుతున్నాను, చూసి చెప్పండి. (అంబాజీపేట)

అల్లుడుగారికైతే బాగుందనే చెప్పండి, ఆయ్. మనలో మనం మాట్లాడుకుందాం.

కళ్ళు తిరగడం దగ్గర మొదలుపెడతాను. మీరు దాన్ని చుట్టలా కాల్చారు. ఆరిపోతుందేమోనని దమ్ము మీద దమ్ము లాగడం మనం చిన్నప్పటినుంచీ అరుగుల మీద చూసిన పద్ధతి. సిగార్‌ని అలా లాగితే నిప్పు మరీ వేడెక్కి రుచంతా మాడిపోతుంది, నికోటిన్ ఒక్కసారిగా నెత్తికెక్కుతుంది. నిమిషానికి ఒక దమ్ము చాలు, అదీ నోటి వరకే, గుండెల్లోకి కాదు. నాకు ఈ సంగతి తెలిసింది కోటిపల్లి రేవులో. 1988లో అనుకుంటా, ఎవరో ఆకు కొనడానికి వచ్చినాయన చేతిలో పెట్టిన సిగార్‌ని పొద్దున్నే ఇడ్లీ కూడా తినకుండా ముట్టించాను, పంటు వచ్చేలోపు పూర్తి చేసెయ్యాలని. పంటు వచ్చింది, జనం ఎక్కారు, ముక్తేశ్వరం వైపు వెళ్ళిపోయింది కూడా, నేను మాత్రం మెట్ల మీద చెమటలు కక్కుతూ తల పట్టుకుని కూర్చున్నాను. టీ కొట్టు ఆవిడ బెల్లం ముక్క చేతిలో పెట్టి “పడనప్పుడు ఎందుకండీ ఈ సరదా” అంది. ఆ బెల్లంతోనే లేచాను. కాబట్టి భోజనం అయ్యాక కాల్చండి, తేడాగా ఉంటే పక్కన పెట్టేసి తీపి ఏదైనా నోట్లో వేసుకోండి.

ఇక మీరు పంపిన రెండిటి సంగతి. సైజు రోబస్టో, అంటే పొడవు 5 అంగుళాలు, లావు 50 రింగ్ గేజ్. ఒక రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి ఇది ముప్పావు అంగుళం దాటి కాస్త ఎక్కువ లావు. కుదురుగా కాలిస్తే ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. బ్యాండు, అంటే సిగార్ చుట్టూ అంటించే పేరున్న కాగితం పట్టీ, దాని మీద ఏం రాసుందో నేను చూడలేదు. మా మనవడి చేత తీయించి, రెండ్రోజుల తేడాతో మధ్యాహ్నం నాలుగింటికి అరుగు మీద కూర్చుని కాల్చాను. బ్యాండు తీసేటప్పుడు జాగ్రత్త, జిగురు పైఆకుకి అంటుకుని ఉంటే చిరిగిపోతుంది. మీ ఇంట్లో తీసేవాళ్ళు లేకపోతే సగం కాలేదాకా ఆగండి, వేడికి జిగురు దానంతటదే వదులుతుంది.

ముట్టించే ముందే సగం సంగతి తెలిసిపోతుంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుతూ వెళ్ళండి. ఒకచోట మెత్తగా లోపలికి పోతే అక్కడ ఆకు తక్కువ పెట్టారు, మంట అక్కడ పరిగెడుతుంది. ఒకచోట గట్టిగా కాయలా తగిలితే దమ్ము అక్కడ బిగుస్తుంది. నొక్కితే చిటపటమంటే ఎండిపోయింది, స్పాంజిలా ఉంటే తేమ ఎక్కువైంది. పదునున్న ఆకుని ఎప్పుడైనా చేత్తో పట్టినవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు. మొదటి దానికి ఒక్క వంక కూడా పెట్టలేకపోయాను. పైఆకు ముదురు గోధుమ రంగు, ఈనెలు సన్నగా, వెలుతురులో పెడితే నూనె రాసినట్టు సన్నటి మెరుపు. రెండో దాంట్లో మధ్యకి కాస్త ఇవతల వేలికి ఒక గడ్డ తగిలింది. అప్పుడే అనుకున్నా.

నోట్లో పెట్టుకునే కొసని మూస్తూ అతికించిన ఆకు ముక్కని టోపీ అంటారు. కొయ్యడం ఆ టోపీ అంచు దాటకుండా, రెండు మిల్లీమీటర్లు చాలు. కత్తెరతో లోపలికంటా కోసేస్తే పైఆకు మొత్తం ఊడొస్తుంది, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కోశాక ముట్టించకుండా ఒకసారి గాలి లాగి చూడండి. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి తాగినంత సులువుగా రావాలి. లేత కొబ్బరి స్ట్రాకి అడ్డం పడితే ఎలా ఉంటుందో నా రెండో సిగార్ అలా ఉంది. ఈ చల్లటి దమ్ములో రుచి కూడా తెలుస్తుంది. నాకు ఎండు గడ్డిమేటు పక్కన నిలబడ్డ వాసన, వెనకాల ఎండుద్రాక్ష తీపి.

ముట్టించడానికి పెట్రోలు లైటరూ, కొవ్వొత్తీ వద్దు, ఆ వాసన మొదటి పావుగంట వదలదు. గ్యాస్ లైటరు మంచిది. అగ్గిపుల్ల అయితే మందు పూర్తిగా కాలిపోయి కర్ర మంట మొదలయ్యేదాకా ఆగండి. కొసని మంటలో పెట్టకుండా మంట పైన కాస్త ఎడంగా తిప్పుతూ వేడి చేస్తే అంచంతా సమానంగా ఎర్రబడుతుంది.

ఇప్పుడు మీ అసలు బాధకి వద్దాం. తోలు, కోకో, ఎస్ప్రెస్సో. అవి రాసినవాళ్ళు తిన్న తిండి వేరు, పెరిగిన ఇల్లు వేరు, వాళ్ళ జ్ఞాపకంలో ఉన్న వాసనలు వాళ్ళు రాసుకున్నారు. మీరు ఆ మాటల కోసం వెతుకుతున్నారు కాబట్టి మీకు ఏమీ దొరకలేదు. మీ వంటింట్లోంచి వెతకండి. నాకు మొదటి మూడో వంతులో తగిలింది చారులోకి అప్పుడే దంచిన మిరియం. నాలుక మీద కాదు, ముక్కులో. నోట్లో పొగలో కొంచెం ముక్కులోంచి వదిలితే అది పట్టుబడుతుంది, మొత్తం వదలకండి, కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. మధ్య భాగంలో ఆ ఘాటు తగ్గి వేరుశనగలు ఇసుకలో వేయించే వాసన, దాని తర్వాత బెల్లం పాకం ముదిరి ఇంకొక్క నిమిషం ఉంటే అడుగంటుతుందన్నప్పుడు వచ్చే వాసన. కాగితంలో కోకో అన్నది బహుశా దీన్నే. ఆ పది పదిహేను నిమిషాలు మాత్రం నిజంగా హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు ఆడాలి. చివరి వంతులో పాకం కాస్తా నిజంగానే అడుగంటింది. చేదు, వేడి, నాలుక మొద్దుబారడం. నేను అంగుళం పైన ఉండగానే వదిలేశాను.

ఇలా మారడానికి కారణం ఉంది. లోపల ఒకే ఆకు ఉండదు. మొక్క అడుగునుంచి కోసిన ఆకుని వొలాడో అంటారు, బాగా మండుతుంది, రుచి తక్కువ. మధ్యాకు సెకో, వాసనకి. పైన ఎండ తిన్న దళసరి ఆకు లిహేరో, ఘాటంతా అందులోనే, మెల్లగా మండుతుంది కాబట్టి దాన్ని నడిమధ్యలో పెట్టి చుడతారు. వీటిని పట్టి ఉంచేది కట్టుఆకు, ఆపైన పైఆకు. పొగ మీ నోటికి వచ్చేలోపు మిగిలిన ఆకంతా దాటుకుని రావాలి, ఆ దారిలో తారూ నికోటినూ అక్కడే పేరుకుంటాయి, నిప్పు దగ్గరపడే కొద్దీ అవి కూడా కాలతాయి. అందుకే ఏ సిగార్ అయినా చివర్లో ఘాటెక్కుతుంది. ఎంత ఆలస్యంగా ఎక్కిందన్నదే చూడాలి.

అన్నట్టు దేవదారు. సిగార్ పెట్టెలు చేసే చెక్కని స్పానిష్ సీడర్ అంటారు గానీ అది దేవదారూ కాదు, స్పెయిన్‌దీ కాదు. అమెరికా ఖండం ఉష్ణమండలంలో పెరిగే చెట్టు, మహాగనికి చుట్టం, మన వేప కూడా ఆ కుటుంబమే. ఖాళీ అయ్యాక ఆ పెట్టెని ఒకసారి వాసన చూడండి, ఆ తర్వాత సిగార్‌లో అది ఎక్కడుందో మీరే పట్టుకుంటారు.

నా లెక్క పాతకాలం లెక్క, రూపాయికి పదహారణాలు. చేతి పనికి నాలుగణాలు, మంటకీ దమ్ముకీ నాలుగు, రుచికి ఆరు, కాల్చడం అయిపోయిన అరగంటకి నోట్లో ఏం మిగిలిందన్నదానికి రెండు. మీ మొదటి సిగార్‌కి చేతి పనిలో నాలుగూ ఇచ్చాను. మంట ఒకవైపు పడవలా వాలిపోయి ఒకసారి లైటరుతో సరిచెయ్యాల్సొచ్చింది కాబట్టి అక్కడ మూడు. రుచికి నాలుగు, చివర చేదుకి రెండు కోశాను. మిగిలిన రుచికి ఒకటి, రాత్రి పెరుగన్నం తింటుంటే కూడా మాడు వాసన తగిలింది. మొత్తం పన్నెండు. రెండోది ఆ గడ్డ పుణ్యమా అని బుగ్గలు నొప్పి పుట్టేలా లాగాల్సొచ్చింది, రెండుసార్లు ఆరిపోయింది కూడా. దానికి చేతి పని మూడు, మంట రెండు, రుచి నాలుగు, మిగిలింది ఒకటి, పది అణాలు. సరాసరి పదకొండు.

నన్నడిగితే మధ్యరకం ధరలో అసలు పరీక్ష ఈ తేడానే. యాభై డాలర్ల సరుకు ప్రతీదీ బాగుండకపోతే వాడికి మొహం చెల్లదు, రెండు డాలర్లదాన్ని మనం ఏమీ అడగం. పది డాలర్ల దగ్గర మొదటిదీ రెండోదీ ఒకేలా ఉంటే ఆ చుట్టే చోట ఎవరో శ్రద్ధగా చూస్తున్నారని అర్థం. మీ పెట్టెలో ఆకు మంచిదే, చుట్టిన చేతుల్లో ఒకటి తొందరపడింది. లోపం మీలో లేదు. మిగిలినవాటిని ఒక నెల కదపకుండా ఉంచి, ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, వారానికొకటి మించకుండా చూడండి.

ప్రశ్న: దుబాయ్ ఎయిర్‌పోర్టులో 92 పాయింట్లు వచ్చిన సిగార్ అని బోర్డు చూసి కొన్నాను. నాకు ఏ గొప్పా కనపడలేదు. ఆ పాయింట్లు నమ్మొచ్చా? (భీమవరం)

నూటికి పాయింట్లు వెయ్యడం 1992లో మొదలైన ఒక అమెరికా సిగార్ పత్రికతో బాగా పాకింది. వాళ్ళూ బ్యాండు తీసేసే కాలుస్తారు, అందులో మోసం ఏమీ లేదు. కానీ ఆ స్కేలు మన ఇంటర్ మార్కుల్లాంటిది, పేరుకి నూరు, ఆట అంతా 85కీ 95కీ మధ్య. పైగా ఆ 92 వచ్చింది ఏ సంవత్సరం పంటకి, ఏ సైజుకి? ఒకే పేరు మీద కరోనా అనే సన్నటి సైజు ఒక రుచి, టోరో అనే లావుపాటి సైజు ఇంకో రుచి ఉంటాయి, ఎందుకంటే లావు పెరిగేకొద్దీ పైఆకు వాటా తగ్గి లోపలాకు వాటా పెరుగుతుంది. బోర్డు మీద అదేమీ రాయరు.

ఇంకోటి, మీరు దాన్ని ఎక్కడ కాల్చారో రాయలేదు. విమానం దిగి వచ్చిన రాత్రే, రొయ్యల వేపుడు తిన్న నోటితో అయితే మాత్రం పాపం దాని తప్పేం లేదు.

క్యూబాదే కొనాల్సింది అని కింద రాశారు, దానికీ ఒక మాట. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలని తీసేసుకుంది, 1962లో అమెరికా ఆంక్షలు పెట్టింది. చుట్టే కుటుంబాలు చాలా దేశం దాటాయి, వాళ్ళతో విత్తనమూ పనీ డొమినికన్ రిపబ్లిక్, హోండురస్, నికరాగ్వాలకి చేరాయి. క్యూబా సిగార్‌లో ఆ పేరుకే ధర ఎక్కువ, ఇతర దేశాల సరుకులో అదే ధరకి ఇంకా మంచి ఆకు దొరుకుతుంది, నా అభిప్రాయం ఇది. అద్దం మూత ఉన్న పెట్టెలో “క్యూబా సిగార్లు” అని ఎవరైనా చూపిస్తే కొనకండి, అది దొంగ సరుకు. నేను ఒకసారి కొన్నాను. ఎక్కడన్నది చెప్పను, సిగ్గుచేటు.

ప్రశ్న: సిగార్ల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. ఫ్రిజ్‌లో పెట్టమంటున్నారు, నిజమేనా? (నర్సాపురం)

ఫ్రిజ్‌లో వద్దండీ. ఫ్రిజ్ తేమని లాగేస్తుంది, పైగా మాగాయ జాడీ పక్కన పెడితే మాగాయ సిగార్ అవుతుంది.

పుస్తకాల్లో సిగార్‌కి తేమ 65 నుంచి 70 శాతం అని ఉంటుంది. వాళ్ళ దేశాల్లో బాధ ఎండిపోవడం, మనకి బాధ నానిపోవడం. సముద్రం పక్కన వానాకాలంలో గాల్లో తేమ 80 శాతం దాటడం మామూలే, అందమైన చెక్క పెట్టె కొని అలమరాలో పెట్టినా ఆ గాలి ఆపదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు అంచు ఉన్నది, మన వాళ్ళు కందిపప్పు పోసుకునేది, అది చాలు. వాసన లేకుండా కడిగి ఎండబెట్టి, లోపల 65 శాతం తేమ ప్యాకెట్ ఒకటి వెయ్యండి. అది ఎక్కువైతే పీలుస్తుంది, తక్కువైతే వదులుతుంది.

మచ్చలు తెల్లటి పొడిలా ఉంటే వయసొచ్చిన సిగార్‌కి అది గొప్ప అని అమ్మేవాళ్ళు చెబుతారు. నేను చూసినంతలో అన్నీ బూజే. మెత్తగా దూదిలా లేచి ఉంటే, పచ్చదనం ఉంటే, ముట్టించే కొసలోకి పాకితే పారెయ్యండి. ఇంతకంటే భయపడాల్సింది పిన్నుతో పొడిచినట్టు గుండ్రటి బెజ్జం. అది పొగాకు పెంకుపురుగు పని, ఆకు గోదాముల్లో నా ప్రాణం తీసిన పురుగు అదే. గుడ్లు ఆకులోనే ఉంటాయి, మన వేసవి వేడికి పొదుగుతాయి. ఒక్క బెజ్జం కనపడినా మిగిలినవన్నీ జిప్ కవర్లో వేసి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఆ తర్వాత ఒక రోజు కింద ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు బయటికి తియ్యండి. ఒక్కసారిగా తీస్తే పైఆకు పగులుతుంది. ఫ్రిజ్ పనికొచ్చేది ఈ ఒక్క వైద్యానికే.

ప్రశ్న: మా లంకల్లో తరతరాలుగా పొగాకు పండింది. మన ఆకుతో ఇలాంటి సిగార్ ఎందుకు చెయ్యరు? మనది తక్కువా? (కొత్తపేట)

తక్కువ అన్నవాడెవడండీ. వరద తీశాక మిగిలిన ఒండ్రులో నాటిన ఆ ఆకుతో చేసిన చుట్టలకి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఎంత పేరుందంటే, 19వ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ళ నిఘంటువులోకి “లంకా” అన్న మాట ఒక చుట్ట పేరుగా ఎక్కింది. వాళ్ళు సిగార్‌కి వాడే చెరూట్ అన్న మాట కూడా తమిళుల చురుట్టు నుంచి వెళ్ళిందే.

తేడా పనిలో ఉంది. లంక ఆకు దళసరి, ఘాటు, నిలబడి మండుతుంది, చుట్టకి అదే కావాలి. సిగార్ పైఆకుకి కావలసింది వేరు: పల్చగా, సాగేలా, ఈనెలు కనపడకుండా, ఒక్క చిల్లు లేకుండా. కనెక్టికట్‌లో దానికోసం పొలం మొత్తం మీద బట్ట పందిరి వేసి ఎండని వడగట్టి పెంచుతారు. ఆ తర్వాత మగ్గబెట్టడం. మనమూ మేటు వేస్తాం, తిరగేస్తాం, కానీ అక్కడ మనిషెత్తు మేట్లు వేసి లోపల వేడి చూసుకుంటూ నెలల తరబడి తిరగేస్తూ అమోనియా వాసన పూర్తిగా పోయేదాకా ఉంచి, ఆపైన ఏళ్ళ తరబడి మాగనిస్తారు. పది డాలర్లలో పెద్ద వాటా ఆ ఎదురుచూపుదే. మన రైతుకి ఏప్రిల్‌లో డబ్బు చేతికి రాకపోతే ఆగస్టులో వరదకి ఏం పెట్టుకుని నిలబడతాడు?

రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ 1947లో పెట్టారు, దాని కింద సిగార్ ఆకుల కోసం తమిళనాడు వేదసందూరులో, బెంగాల్లో దిన్హాటాలో కేంద్రాలు కూడా నడిచాయి. అంటే దేశంలో ప్రయత్నం జరగలేదని కాదు. నాకైతే లంక ఆకుని లోపల లిహేరో బదులు కాస్త పెట్టి చుడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంటుంది. ఎవరైనా చుడితే నాకు ఒకటి పంపండి, బ్యాండు లేకుండా.

ప్రశ్న: మావారు సిగరెట్లు మానేసి నెలకి నాలుగైదు సిగార్లు పట్టారు. పొగ మింగను కాబట్టి ఏమీ కాదంటున్నారు, మీ శీర్షిక చూపిస్తున్నారు. నిజమా? (తణుకు)

కాదమ్మా. నా పేరు చెప్పి తప్పించుకుంటే ఒప్పుకోను.

సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ, అందుకే మింగకపోయినా నికోటిన్ బుగ్గల లోపలి పొరల్లోంచే రక్తంలోకి వెళ్ళిపోతుంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ పెట్టెకి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ రావడానికి పొగ ఊపిరితిత్తుల దాకా వెళ్ళాల్సిన పనే లేదు. సిగరెట్ కాల్చి వచ్చినవాళ్ళకి ఇంకో చిక్కు, తెలియకుండానే పొగ లోపలికి లాగేస్తారు, ఆ అలవాటు ఛాతీకి గుర్తుంటుంది. నెలకి నాలుగు, వారానికి నాలుగు కావడానికి ఒక చలికాలం చాలు, చూశాను. ఎలా రుచి చూడాలో నేను రాస్తాను గానీ కాల్చమని ఎప్పుడూ రాయలేదు, ఇంట్లో పిల్లలుంటే అరుగు మీద కూడా వద్దు.

ఈ నెల ఆయన్ని ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బుగ్గ లోపల, నాలుక కింద, నాలుక పక్కల తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలు దాటి ఉంటే ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. రానని మొండికేస్తే టార్చి లైటు పట్టుకుని మీరే చూడండి, ముందు నోరు తెరవమనండి.